మొదట ఎవరికి తెలిసింది?

భూమి నడుం చుట్టుకొలత ఎంతో లెక్కగట్టింది ఎవరో గడ్డాల పండితులని బడిపుస్తకాల్లో ఉంటుంది. శుద్ధ అబద్ధం. ఆ కొలత తీసింది మా అమ్మమ్మ. అదీ టేపు ముట్టకుండా, భూమిని అద్దం ముందు నిలబెట్టి, "బిగబట్టకమ్మా, ఊపిరి వదులు" అని గదమాయించి, ఒక్క చూపు చూసి చెప్పేసింది. పాపం భూమి హడలిపోయి ఊపిరంతా ఒక్కసారిగా వదిలేసేసరికి నడుం దగ్గర కాస్త ఉబ్బింది. ఇప్పటికీ అలాగే ఉంది. కావాలంటే ఆ పండితులనే అడగండి.

భూమి సంగతి నమ్మినా నమ్మకపోయినా వీధిలో ఆడవాళ్ళ నడుముల సంగతి మాత్రం నమ్మి తీరాలి. మా అమ్మమ్మ దర్జీ. నలభై రెండేళ్ళుగా ఇంటి ముందుగదే దుకాణం. రెండు కుట్టు మిషన్లు, గుమ్మానికి అడ్డంగా ఒక పెద్ద బల్ల, మూలన పరదా, పరదా వెనక నిలువుటద్దం. కత్తెర ఒకటుంది, దాన్ని ఇంట్లో ఎవరు ముట్టుకున్నా చెయ్యి విరుగుతుంది. టేపు ఎప్పుడూ మెడలోనే. స్నానానికి వెళ్ళేటప్పుడు తీస్తుందో లేదో ఎవరూ చూడలేదు. వీధంతా ఆవిణ్ణి టేపమ్మ అంటారు. ఎదురుగా అనరు, అంత ధైర్యం ఎవరికీ లేదు.

టేపమ్మ దగ్గర గట్టి అట్ట వేసిన పొడుగాటి కొలతల పుస్తకం ఒకటుంది. మనిషికో వరస: భుజం, ఛాతీ, నడుము, పొడవు, పక్కన తారీఖు. కొన్ని నడుముల పక్కన పెన్సిలుతో సన్నటి చుక్క కనబడుతుంది. ఆ చుక్కకి అర్థం, ఈ మనిషి కడుపుతో ఉన్నట్టుంది, లోకుట్టులో రెండంగుళాల బట్ట దాచిపెట్టాలి అని. ఎదుటి మనిషితో మాత్రం ఒక్క ముక్క అనదు. రెండు నెలలు పోయాక ఆ మనిషే గౌను చేత్తో పట్టుకుని, "కాస్త వదులు చెయ్యాలండీ, బట్ట సరిపోతుందో లేదో" అని నసుగుతూ వస్తుంది. అమ్మమ్మ కుట్టు విప్పి, లోపల దాచిన బట్ట బయటికి లాగి, కళ్ళజోడు మీదుగా చూస్తూ, "ఎప్పుడో వదిలాను" అంటుంది. ఆ ఒక్క మాట అనడానికే ఆవిడ ఈ వృత్తిలోకి వచ్చిందని మా తాత, బతికున్నన్నాళ్ళూ, నవ్వేవాడు.

అంత కన్నున్న మనిషికి ఒకటే తెగులు. ఆ కంటికి తన దగ్గరున్నది ఆనదు, పక్కవాళ్ళ దగ్గరున్నది ఆమడ దూరం నుంచి కనబడుతుంది. పక్కింట్లో కొత్త తలుపు పెడితే మన తలుపు కిర్రుమంటోందంటుంది. ఎదురింటావిడకి మోకాళ్ళ నొప్పి వచ్చిందంటే, "దానిదేముంది, నాకు రెండు మోకాళ్ళూ నొప్పే" అంటుంది. ఇదంతా చిల్లర అసూయ. అసలైన అసూయ, కడుపులో పేగులు కమిలిన వాసన వచ్చే అసూయ, మా పిన్ని పెళ్ళితో మొదలైంది.

పిన్ని అత్తగారు పెద్దాసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసి దిగిపోయినావిడ. అందరూ నర్సమ్మగారు అంటారు, ఎదురుగా కూడా. అమ్మమ్మకి మొదటి మంట అక్కడే. రెండో మంట ఓడ. ఉద్యోగంలోంచి దిగిపోయిన నర్సులందరూ కలిసి ఒక వారం రోజులు పెద్ద షికారు ఓడెక్కి సముద్రం మీద తిరిగొచ్చారు. అది రెండేళ్ళ కిందటి మాట. నర్సమ్మగారి నోట్లో మాత్రం ఆ ఓడ ఇంకా ఒడ్డుకి రాలేదు.

"అదేంటి వదినగారూ, సబ్బు కొంటున్నారా? మాకు షిప్పులో రోజుకో కొత్త సబ్బు ఊరికే ఇచ్చేవాళ్ళు."

"ఎండ ఎక్కువగా ఉంది కదూ. షిప్పులో అయితే ఆరో అంతస్తులో చల్లగా గాలి తగిలేది."

"మీ మెట్లు ఎత్తుగా ఉన్నాయి వదినగారూ. షిప్పులో లిఫ్టు."

ఓడ దిగి వచ్చేటప్పుడు అమ్మమ్మకి ఒక కానుక కూడా తెచ్చారు: ఓడ ఆకారంలో చిన్న అయస్కాంతం, ఫ్రిజ్ తలుపుకి అంటించుకునేది. "ఎంత ముద్దుగా ఉందో వదినగారూ" అని అమ్మమ్మ చేతులు జోడించి మరీ పుచ్చుకుంది. మర్నాటి నుంచి ఆ ఓడకి నేల మీద పడ్డ గుండుసూదులు ఏరే పని పెట్టింది. పాపం అది దుకాణమంతా ఒళ్ళంతా సూదులు గుచ్చుకుని తిరుగుతుంటే అమ్మమ్మ మొహంలో కనిపించే తృప్తి అంతా ఇంతా కాదు.

కానీ సూదులతో ఎంతకాలం సరిపెట్టుకుంటుంది? ఒకరోజు కాజాలు కుడుతూ కుడుతూ మిషను ఆపి, "మనమూ ఎక్కుదాం" అంది. ఏమిటని ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు.

తోడు ఎవరు? పిన్ని. పిన్నికి సముద్రమంటే కడుపులో తిప్పుతుంది, అయినా తల్లి మొహం చూసి సరేనంది. టికెట్టు కంటే ముందు బట్టలు కావాలి కదా. ఇద్దరికీ సముద్రం రంగు గుడ్డ ఒకటే తాను తెచ్చి, ఆ నెల ఆరో తారీఖున అమ్మమ్మ పిన్నిని పరదా వెనక నిలబెట్టి కొలతలు తీసింది.

"ఆవిడకి ఆరో అంతస్తు అన్నారు కదే? మనం ఏడో అంతస్తు తీసుకుందాం. కిటికీ కాదు, బాల్కనీ ఉన్నది. చెయ్యి ఎత్తు."

"అమ్మా, నాకు రెండు రోజుల్నుంచీ ఒంట్లో..."

"సముద్రం గాలికి అన్నీ పోతాయి. కదలకు. బాల్కనీలో నిలబడి కిందికి చూస్తే ఆరో అంతస్తు కనబడుతుందంటావా?"

రాసుకుంది, పుస్తకం మూసింది. పదో తారీఖున ట్రావెల్స్ ఆఫీసుకి వెళ్ళింది. ఐదు నెలల తర్వాత బయల్దేరే ఓడ. ట్రావెల్స్ ఆయన సన్నటి మీసం, మెత్తటి మాట. ఆయనతో అమ్మమ్మ గంటన్నర బేరమాడింది. ఆఖరికి ఆయన అలిసిపోయి, "దీనికంటే తక్కువంటే ఒకే ఒక రకం ఉందమ్మా. తగ్గింపు టికెట్టు. కానీ రద్దు చేస్తే చిల్లిగవ్వ వెనక్కి రాదు, పేర్లు మార్చడానికి వీల్లేదు, ఇద్దరిలో ఒకరు మానుకుంటే గదే పోతుంది" అన్నాడు.

"మేమెందుకు మానుకుంటాం? అదే ఇవ్వు."

"ఇన్సూరెన్సు?"

"అక్కర్లేదు. మునిగిపోతే డబ్బు తీసుకోవడానికి నేనుండొద్దూ?"

"మీ వియ్యపురాలుగారు తీసుకున్నారమ్మా, మా దగ్గరే."

అమ్మమ్మ లేవబోయిందల్లా కూర్చుంది. "ఆవిడ తీసుకున్నదానికంటే పెద్దది ఏదైనా ఉందా?"

ఆ విధంగా మా ఇంట్లోకి ఇన్సూరెన్సు వచ్చింది.

రెండు వారాలు అమ్మమ్మ నేల మీద నడవలేదు. ఇరవై నాలుగో తారీఖు సాయంత్రం పిన్ని డాక్టరు దగ్గర్నుంచి తిన్నగా దుకాణానికి వచ్చింది, వెనకాలే నర్సమ్మగారు, ఆవిడ వెనకాల మా బాబాయి. పిన్ని మొహం చూడగానే అమ్మమ్మ మిషను మీంచి కాలు తీసింది. పెళ్ళైన ఆరేళ్ళకి, ఆశ వదిలేసుకున్నాక, పిన్ని తల్లి కాబోతోంది. అమ్మమ్మ ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది, చేతిలో ఉన్న ఎవరిదో కొత్త చొక్కాతో కళ్ళు తుడుచుకుంది. ఆ క్షణంలో ఆవిడకి ఓడ గుర్తులేదని ఒట్టేసి చెప్పొచ్చు.

గుర్తు చేసేందుకు నర్సమ్మగారున్నారు.

"అయితే వదినగారూ, మీ ప్రయాణం ఇక లేనట్టే. షిప్పులో ఇరవై నాలుగు వారాలు నిండినవాళ్ళని ఎక్కనివ్వరు. నేను ఆ రూల్సు కాగితం మొత్తం చదివాను లెండి. మనమ్మాయికి అప్పటికి ఇరవై ఆరు." ఇంతవరకూ ఊరుకుంటే బాగుండేది. "నాకు రెండు రోజుల ముందే తెలుసు. ఇరవై రెండో తారీఖు పొద్దున్న మెట్లెక్కుతుంటే నడక చూసి పట్టేశాను. డాక్టరు తర్వాత చెప్పేదేముంది? ముప్ఫై ఏళ్ళ కన్నండీ ఇది."

అమ్మమ్మ చొక్కా కిందపెట్టింది. ఓడ పోయింది, సరే. కన్నబిడ్డ కడుపు సంగతి వియ్యపురాలు ముందు కనిపెట్టింది! గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదీ. వీధిలో నలభై రెండేళ్ళుగా ప్రతి ఆడదాని కడుపునీ డాక్టరు కంటే ముందు పట్టుకున్న మనిషి. తన కూతురి దగ్గరికొచ్చేసరికి రెండో స్థానం కూడా రాలేదు.

మర్నాడు ట్రావెల్స్ ఆఫీసు.

"మా అమ్మాయికి కడుపొచ్చింది. డబ్బు ఇచ్చెయ్యి."

"చాలా సంతోషమమ్మా. కానీ రద్దు చేస్తే రాదని ఆ రోజే చెప్పాను కదా."

"కడుపు రావడం మా తప్పా?"

"నా తప్పు కూడా కాదమ్మా" అన్నాడాయన, చాలా మర్యాదగా.

అమ్మమ్మకి నవ్వొచ్చింది గానీ మింగేసింది. ఆయనే దారి చూపించాడు. ఓడ కంపెనీ ఇవ్వదు గానీ ఇన్సూరెన్సు కంపెనీ ఇస్తుంది. కడుపుతో ఉన్న సంగతి ఇన్సూరెన్సు కొన్న తర్వాతే తెలిసుంటే, డాక్టరు కాగితం పెడితే, మొత్తం వెనక్కొస్తుంది. కొన్నది పదో తారీఖు. డాక్టరు చెప్పింది ఇరవై నాలుగు. పాయసంలో జీడిపప్పు ఏరుకున్నంత తేలిక.

కాగితాలు పంపారు. వారానికి కబురొచ్చింది, ఫలానా రోజు పదకొండింటికి కంపెనీ నుంచి ఫోన్ చేసి నాలుగు ప్రశ్నలు అడుగుతారని. ఆ రోజు పిన్ని సెలవు పెట్టుకుని వచ్చింది. కోడలు ఒంటరిగా నడవకూడదని నర్సమ్మగారు కూడా వచ్చి, బట్టల బల్ల పక్కన ఉన్న ఒకే ఒక మెత్తటి కుర్చీలో కూర్చున్నారు. అది అమ్మమ్మ కుర్చీ.

ఫోను స్పీకరు మీద పెట్టారు. అవతల ఒక అమ్మాయి, గొంతు తేనె.

"ఈ మాటలన్నీ రికార్డు అవుతాయండీ. పాలసీ మీ పేరు మీద ఉంది కాబట్టి మీరే చెప్పాలి. గర్భం సంగతి మొదట ఎవరికి, ఎప్పుడు తెలిసింది?"

పిన్ని కళ్ళతో సైగ చేసింది: ఇరవై నాలుగు, డాక్టరు. అమ్మమ్మ నోరు తెరిచింది. ఈలోగా మెత్తటి కుర్చీలోంచి ఖణేల్మని గొంతు లేచింది.

"నాకండీ! నేను అత్తగారిని. నర్సుగా ముప్ఫై ఏళ్ళు చేశాను. ఇరవై రెండునే కనిపెట్టాను. మొదట నాకే తెలిసింది, రాసుకోండి!"

ఆ "రాసుకోండి" అమ్మమ్మ చెవిలో సీసం పోసినట్టుగా దిగింది. రాసుకుంటారు. రికార్డు చేస్తారు. ఎక్కడో ఒక పెద్ద ఆఫీసులో, బీరువాలో, ఫలానా కడుపుని మొదట కనిపెట్టినావిడ ఫలానా నర్సమ్మగారు అని ఉండిపోతుంది.

"ఆవిడ మాట వినకండి!" అంది అమ్మమ్మ. "ఆవిడ కంటే ముందు నాకు తెలుసు. కన్నతల్లిని. దర్జీని. ఆరో తారీఖునే తెలుసు! కొలతలు తీస్తుంటేనే తెలిసిపోయింది. నా పుస్తకంలో రాసి కూడా ఉంది!"

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా.

"ఆరో తారీఖా అండీ?" అంది తేనె గొంతు, ఇంకాస్త మెత్తగా. "పాలసీ తీసుకున్నది పదో తారీఖు. అంటే, తెలిసే తీసుకున్నారన్నమాట."

అప్పటిగ్గానీ అమ్మమ్మకి లెక్క అందలేదు. అందాక తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. ఆ పుస్తకంలో ఆ పేజీ నకలూ, సంతకంతో వివరణా పదిరోజుల్లో పంపమని చెప్పి ఆ అమ్మాయి ఫోను పెట్టేసింది.

అమ్మమ్మ బాధ డబ్బు పోయిందని. పిన్ని బాధ అది కాదు. సంచీ భుజానికి తగిలించుకుని గుమ్మం దగ్గర ఆగింది.

"తెలిసే టికెట్టు కొన్నావా అమ్మా? ఆరేళ్ళకి నిలిచిందని తెలిసి కూడా, నన్ను ఆరో నెలలో సముద్రం మీదికి తీసుకెళదామనుకున్నావా?"

అమ్మమ్మ మెడలో టేపు వేలికి చుట్టుకుంది. కాదంటే నర్సమ్మగారి ముందు అబద్ధాలకోరు అవుతుంది. అవునంటే కూతురి ముందు ఏమవుతుందో ఆలోచించడానికే భయం వేసింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నర్సమ్మగారు కుర్చీలోంచి లేస్తూ, "పద తల్లీ. కొందరికి ఓడ ముందు ఏదీ కనబడదు" అన్నారు.

మూడు రోజులు పిన్ని రాలేదు, ఫోనూ చెయ్యలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం. దుకాణంలో ఎవరూ లేరు. అమ్మమ్మ కొలతల పుస్తకం తీసి ఆరో తారీఖు పేజీ తెరిచింది. పిన్ని వరస ఉంది. భుజం, ఛాతీ, నడుము, పొడవు. నడుం పక్కన ఏమీ లేదు. తెల్లకాగితం.

ముక్కుసూటిగా చెప్పాలంటే, ఆవిడకేమీ తెలియదు.

చేతిలో పెన్సిలుంది. ఒక్క చుక్క. గింజంత. పెడితే ఆరో తారీఖున తనకి తెలుసని రుజువైపోతుంది. నర్సమ్మగారి నోరు జన్మలో లేవదు. డబ్బు పోతే పోతుంది. లోకంలో జనం డబ్బు రాబట్టుకోవడానికి దొంగరాతలు రాస్తారు గానీ, పోగొట్టుకోవడానికి దొంగరాత రాయబోయిన మనిషి మా అమ్మమ్మ ఒక్కతే అయ్యుంటుంది. పెన్సిలు మొన కాగితానికి ఆనబోయింది కూడా.

అప్పుడు గుమ్మంలో పిన్ని. మొహం ముభావంగా ఉంది. చేతిలో సంచీ, సంచీలో ఓడ కోసం కుట్టిన సముద్రం రంగు గౌను.

"ఆఫీసులో ఒకరి పెళ్ళి విందు ఉంది. ఇది తప్ప మంచిది లేదు. నడుం పట్టట్లేదు. వదులు చేసివ్వు, వెళ్ళిపోతాను."

అమ్మమ్మ పెన్సిలు చెవి వెనక దోపుకుని గౌను అందుకుంది. తిరగేసింది. కుట్టు విప్పే చిన్న కత్తి తీసింది. తీసి, అలాగే పట్టుకుని కూర్చుంది.

"విప్పవేం?" అంది పిన్ని.

విప్పింది. ఒక పక్క. రెండో పక్క. పిన్ని వంగి చూసింది. దర్జీ కూతురు, లోకుట్టు చదవడం అక్షరాల కంటే ముందు నేర్చుకుంది. లోపల వేలెడు బట్ట కూడా లేదు. అందరి గౌన్లకీ వదిలేపాటి మామూలు అంచు, అంతే.

"ఇదేమిటి? వీధిలో కడుపుతో ఉన్నవాళ్ళందరి గౌన్లలోనూ రెండంగుళాలు వదుల్తావు. నా దాంట్లో వదల్లేదేం?"

అమ్మమ్మ కత్తి బల్ల మీద పెట్టింది.

"నీకు తెలియదు!" అంది పిన్ని. బల్ల మీద పుస్తకం తెరిచే ఉంది. అదీ చూసింది. "చుక్క కూడా లేదు. నీకు అసలు తెలియనే తెలియదు!"

"తెలియదే" అంది అమ్మమ్మ. "నీ నడుం చుట్టూ టేపు పెట్టాను. కానీ నిన్ను చూడలేదు. ఆవిడ ఆరో అంతస్తూ, నా ఏడో అంతస్తూ, ఆ బాల్కనీ, అదే చూస్తున్నాను. ఒంట్లో ఏదోలా ఉందని నువ్వు చెప్పబోతే సముద్రం గాలికి పోతుందన్నాను. రోడ్డు మీద పోయే వాళ్ళ కడుపులు కనబడే కంటికి నా బిడ్డ కడుపు కనబడలేదు. ఇది ఆవిడ ముందు ఎలా చెప్పుకోనే?"

పిన్ని నవ్విందో ఏడ్చిందో చెప్పడం కష్టం. "తెలిసే తీసుకెళ్ళబోయావనుకుని మూడు రోజులు అన్నం సహించలేదు నాకు."

"తెలిసుంటే ఆ టికెట్లు చింపి ఆ మీసాలాయన నోట్లో కుక్కేదాన్ని."

"అయితే ఆ మాటే చెప్పు. ఫోన్ చేసి చెప్పు. అత్తయ్య ముందే చెప్పు. ఇంట్లో పొద్దున లేస్తే ‘మీ అమ్మ తెలిసి కూడా’ అని మొదలుపెడుతోంది. నేనేం జవాబు చెప్పను?"

"ఆవిడ ముందా?"

"ఆవిడ ముందే."

అమ్మమ్మ లేచి, బీరువాలోంచి తన వాటా గుడ్డ తీసింది. అదే తాను, అదే సముద్రం రంగు. తన గౌను కోసం ఉంచుకున్నది, ఇంకా కత్తెర పడలేదు. రెండు నిలువు పట్టీలు గీసి కత్తిరించి పిన్ని గౌనుకి రెండు పక్కలా వేసేసింది. ఆ ముక్కతో ఇక ఎవరికీ గౌను రాదు.

మర్నాడు పదకొండింటికి ఫోను మళ్ళీ స్పీకరు మీద. నర్సమ్మగారు మళ్ళీ మెత్తటి కుర్చీలో. అమ్మమ్మ నిలబడే మాట్లాడింది.

"అమ్మాయీ, రాసుకో. నేను ఆ రోజు చెప్పింది అబద్ధం. ఆరో తారీఖున నాకేమీ తెలియదు. పుస్తకంలో కూడా ఏమీ లేదు, పేజీ పంపుతున్నాను, చూసుకో. మా వియ్యపురాలు ముందు చెప్పేసిందని ఓర్వలేక వాగాను."

"అర్థమైందండీ" అంది తేనె గొంతు. నవ్వు ఆపుకుంటోందేమో. "మరి మొదట ఎవరికి తెలిసింది?"

పన్ను పీకించుకునే మనిషిలా అమ్మమ్మ గోడ పట్టుకుంది. "మా వియ్యపురాలికి. ఇరవై రెండున."

నర్సమ్మగారు కుర్చీలో ఇంకాస్త వెనక్కి వాలి, కాళ్ళు చాపారు.

"చాలా మంచిదండీ. అయితే ఆవిడ దగ్గర్నుంచి కూడా ఒక కాగితం కావాలి. ఏ లక్షణాలు చూసి కనిపెట్టారో వివరంగా రాసి, నర్సుగా తన రిజిస్ట్రేషన్ నంబరు వేసి, ఇది నిజమని సంతకం పెట్టమనండి. అబద్ధమని తేలితే బాధ్యత ఆవిడదే."

చాపిన కాళ్ళు మెల్లిగా లోపలికి వచ్చాయి.

"సంతకమా? అంటే... నేనేదో అనుకున్నాను... అంతే..."

"అనుకున్నారా, మీకు తెలుసా అండీ?"

నర్సమ్మగారు దగ్గారు. మంచినీళ్ళడిగారు. తాగారు. "మా కోడలు డాక్టరు దగ్గర్నుంచి ఫోన్ చేసింది కదండీ, ఇరవై నాలుగున. అప్పుడు... అప్పుడే."

"అంతకుముందు?"

"అంతకుముందు... లేదు."

అమ్మమ్మ గోడని వదిలేసింది. ఆ మొహంలో వెలుగు చూస్తే, పోయిన టికెట్టు డబ్బు పదింతలై వచ్చిందనుకుంటారు.

"మొదట తెలిసింది నాకు" అంది పిన్ని ఫోను దగ్గరికి వంగి. "ఇరవై మూడున అనుమానం వచ్చింది, ఇరవై నాలుగున డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నా కడుపు సంగతి నన్ను ఒక్కళ్ళూ అడగలేదు."

నర్సమ్మగారు మంచినీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టి, "ఎండగా ఉంది, ఇక బయల్దేరతాం వదినగారూ" అన్నారు.

"కూర్చోండి వదినగారూ, తొందరేముంది? టీ పెడతాను" అంది అమ్మమ్మ. అలా బతిమాలి ఆవిణ్ణి కూర్చోబెట్టడం మా ఇంట్లో అదే మొదలు. టీలో పంచదార కూడా రెండు చెంచాలు వేసింది.

నెలన్నర తర్వాత ఇన్సూరెన్సు డబ్బు మొత్తం వచ్చింది. ఆ ఓడ పోయిన వారం వాళ్ళెవరూ లేకుండానే వెళ్ళిపోయింది. పిన్నికిప్పుడు ఏడో నెల నడుస్తోంది. నర్సమ్మగారు పుట్టబోయేది మగపిల్లాడని నడక చూసి చెబుతుంటే, అమ్మమ్మ ఆడపిల్లని కొలత చూసి చెబుతోంది. ఇద్దరూ సంతకం మాత్రం ఎక్కడా పెట్టట్లేదు.

నిన్న అమ్మమ్మ గుండీలు కుడుతుంటే ఇదంతా చదివి వినిపించాను. మధ్యలో ఒకచోట నవ్వింది, రెండుచోట్ల తిట్టింది. పదో తరగతి రెండుసార్లు తప్పినవాడికి ఇంత రాతెక్కడిదని ఆశ్చర్యపోయింది కూడా. అంతా అయ్యాక అడిగాను: "డబ్బు చేతికొచ్చింది కదా అమ్మమ్మా, పిన్ని పురుడు అయ్యాక ఓడెక్కుతావా?"

పళ్ళతో దారం తెంపి, నా వైపు చూడకుండానే అంది:

"ఆవిడ మళ్ళీ ఎక్కట్లేదుగా. మరి నాకెందుకురా?"